ఆటలో చేతికున్న పని

పక్షవాతంతో పడిపోయిన చేతికి మళ్ళీ పని నేర్పాలంటే నెలల తరబడి వ్యాయామం చేయించాలి. చేయించేవాళ్ళకు ఓపిక ఉన్నా చేసేవాళ్ళకు విసుగు పుడుతుంది. పదిసార్లు ఎత్తు, పదిసార్లు దించు అంటే ఎన్నాళ్ళు చేస్తారు? అందుకే 2006లో నింటెండో కంపెనీ వీ అనే ఆటపెట్టె తెచ్చాక ఫిజియోథెరపీ చేసేవాళ్ళకు దాని మీద ఆశ పుట్టింది. రిమోట్ పట్టుకుని గాలిలో చెయ్యి ఊపితే టీవీలో బొమ్మ టెన్నిస్ ఆడుతుంది. రోగికి వ్యాయామం చేస్తున్నానన్న ధ్యాసే ఉండదు.

కెనడాలో పనిచేసే వైద్యుడు గుస్తావో సపోస్నిక్ ఈ ఆశను పరీక్షకు పెట్టాడు. కెనడా, అర్జెంటీనా, పెరూ, థాయ్‌లాండ్ ఆసుపత్రుల్లో ఈమధ్యే పక్షవాతం వచ్చిన 141 మందిని తీసుకున్నారు. అందరికీ మామూలు వైద్యం నడిచింది. దానికి తోడు కొందరికి వీ ఇచ్చారు. మిగతావాళ్ళకు పేక ముక్కలు, బింగో, చెక్కదిమ్మలు పేర్చే జెంగా లాంటివి ఇచ్చారు. రెండు వారాల్లో పది విడతలు, విడతకు గంట. ఆ తర్వాత గడియారం పెట్టి చేతి పని చూశారు: పెన్సిల్ ఎత్తడం, తాళంలో చెవి తిప్పడం, తువ్వాలు మడవడం, పేక ముక్క తిరగెయ్యడం. 2016లో ఫలితం అచ్చయింది. రెండు జట్లూ బాగుపడ్డాయి, ఇంచుమించు సమానంగా. టీవీ ముందు టెన్నిస్ ఆడినవాళ్ళు పేకాడినవాళ్ళ కన్నా ముందుకు పోయిందేమీ లేదు.

సంక్రాంతి మూడు రోజులూ చాప పరిచి ముక్కలు పంచుకునే మన గుడివాడ, పామర్రు పెద్దమనుషుల చెవిన ఈ కబురు పడితే ఇక ఇళ్ళల్లో ఆడవాళ్ళ మాట సాగదు. డబ్బు పెట్టి ఆడమని మాత్రం సపోస్నిక్ ఎక్కడా చెప్పలేదు.

నవ్వు పక్కన పెడితే, ఈ పరీక్ష నుంచి నాకు అర్థమైన సంగతి చిన్నది కాదు. చేతికి మేలు చేసేది తెర కాదు, కరెంటు కాదు, చేత్తో పదేపదే చేసే పని. ఆ పని ఏ ఆటలో ఉంటే ఆ ఆట పనిచేస్తుంది. చదువుకు, ఆరోగ్యానికి, వికలాంగులకు వీడియో గేములు పనికొస్తాయా అన్న ప్రశ్న ఎక్కడ వచ్చినా నేను ముందు చూసేది ఇదే. ఆడేవాడి చేతికి, కంటికి, బుర్రకు అందులో అప్పజెప్పిన పని ఏమిటి? మనం నేర్పదలచుకున్నదీ అదే అయితే ఆట నేర్పుతుంది. వేరే అయితే ఆటలో ఉన్న పని అబ్బుతుంది, పాఠం పక్కన ఉండిపోతుంది.

మన వైకుంఠపాళినే తీసుకోండి. పాములకు పాపాల పేర్లు, నిచ్చెనలకు పుణ్యాల పేర్లు రాసి పిల్లలకు ధర్మం నేర్పడానికి వేసిన పటం అది. ఇంతకీ అందులో చేతికున్న పని గవ్వలు వెయ్యడం ఒక్కటే. పుణ్యం చేయాలా వద్దా అని ఆడేవాడిని ఎవరూ అడగరు. ఎంత మంచివాడినైనా పడిన పందెం పెద్ద పాము నోట్లో పెడుతుంది. తరతరాల పిల్లలు దాని నుంచి నేర్చుకున్నది అదృష్టాన్ని తిట్టుకోవడం, మళ్ళీ మొదటి గడి నుంచి మొదలుపెట్టే ఓపిక. రెండోది మంచి పాఠమే, పటం గీసినవాళ్ళు అనుకున్న పాఠం మాత్రం కాదు.

పులిజూదంలో ఒక్క అక్షరం రాసి ఉండదు. గుడి అరుగు మీద గీతలు, మూడు పులులు, పదిహేను మేకలు. మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దూకి మింగేస్తుంది, అక్కడ ఇంకో మేక నిలబడి ఉంటే దూకలేదు. నాలుగు ఆటలు ఓడిన పిల్లవాడు ఐదో ఆటలో మేకల్ని జతలుగా దించుతాడు. కలిసి ఉంటే బలం అని వాడికెవరూ చెప్పలేదు, చేత్తో చేస్తేగాని గెలవలేదు.

ఇదే తేడాను ఇంగ్లాండులో జేకబ్ హాబ్‌గుడ్, షారన్ ఐన్స్‌వర్త్ అనే పరిశోధకులు 2011లో లెక్కగా చూపించారు. భాగహారం నేర్పే కంప్యూటర్ ఆట ఒకటి తయారుచేశారు. ఎదురొచ్చే అస్థిపంజరాల రొమ్ము మీద సంఖ్యలుంటాయి. ఒక్కో ఆయుధం ఒక్కో అంకె. ఆ అంకెతో నిశ్శేషంగా పోతేనే అస్థిపంజరం కూలుతుంది. రెండో రకంలో అదే ఆట, అవే లెక్కలు, కాకపోతే లెక్కలు యుద్ధంలో ఉండవు, దశ పూర్తయ్యాక విడిగా అడుగుతారు. మొదటి రకం ఆడినవాళ్ళకే లెక్కలు బాగా వచ్చాయి. ఏది కావాలంటే అది ఆడుకోండని వదిలేస్తే మొదటి దాని మీద ఏడు రెట్లకు మించి సమయం గడిపారు. చేదు మాత్రకు బెల్లం పూస్తే పిల్లలు బెల్లం నాకి మాత్ర ఉమ్మేస్తారని తల్లులకు తెలుసు. పాఠ్య గేములు తయారుచేసే కంపెనీల్లో చాలావాటికి ఇప్పటికీ తెలియదు.

2022 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు, నాలుగు లక్షలకు పైగా. అందులో ఉన్నవి ప్రధానంగా వీడియో పాఠాలు. పాఠం బాగానే ఉండొచ్చు, బొమ్మలు కదులుతుంటాయి, రంగులుంటాయి. పిల్లవాడి వేలికి ఉన్న పని మాత్రం నొక్కి చూస్తూ కూర్చోవడమే. దీన్ని ఆటతో చదువు అనలేం.

పల్లె పిల్లలకు ఆట ఎలా ఉండాలో ఓపిగ్గా వెతికినవాళ్ళు లేకపోలేదు. మాథ్యూ కామ్ అనే పరిశోధకుడు తన బృందంతో మన దేశంలో సెల్‌ఫోన్ ఆటల ద్వారా ఇంగ్లిషు నేర్పే ప్రయత్నం చేశాడు. మొదట్లో చేసిన ఆటలు పిల్లలకు సరిగ్గా ఎక్కలేదు. పిల్లలకు తెలివి చాలక కాదు, ఆ ఆటల నడక వాళ్ళకు తెలిసిన ఆటల నడక కాదు. దాంతో ఉత్తర, దక్షిణ భారతాల్లో మూడు చోట్ల తిరిగి పిల్లలు ఆడుకునే 28 పల్లె ఆటల్ని రాసుకున్నారు. ఎవరు ఎవర్ని పట్టుకుంటారు, ఔటైనవాడు ఏమవుతాడు, జట్లెలా పడతాయి, అన్నీ విడదీసి వీడియో గేములతో పోల్చారు. ఆ జ్ఞానంతో కొత్త ఆట కడితే పిల్లలు ఎవరూ చెప్పకుండానే అందుకున్నారు. 2009లో అచ్చయిన ఆ వ్యాసం కోతికొమ్మచ్చి, ఏడుపెంకులాట ఆడి పెరిగిన ఎవరికైనా ముచ్చటగా ఉంటుంది. ఆ మరుసటి ఏడు అచ్చయిన ఇంకో వ్యాసం ప్రకారం ఉత్తరాదిలో 18 మంది పిల్లలకు ఫోన్లిచ్చి, పెద్దల అజమాయిషీ లేకుండా వదిలేస్తే పదహారు వారాల్లో సగటున 46 కొత్త ఇంగ్లిషు మాటలు చదవడం నేర్చారు. వారానికి దాదాపు మూడు మాటలు. గొప్ప లెక్కేం కాదు, కానీ బడి బయట, తమంతట తాము.

ఫోనులో ఆట అనగానే మన తల్లిదండ్రుల గుండె గుభేలుమనడానికి కారణం ఉంది. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్‌జీని ఆపింది, అదే నెలలో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని, పందేల ఆటల్ని నిషేధించింది. ఆట మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుల పట్టికలో చేర్చింది. భయం నిజమే. అక్కడా చూడాల్సింది చేతికున్న పనే. పందెం యాప్‌లో చేయి చేసే అసలు పని పేక ముక్క కలపడం కాదు, ఇంకో వంద జమ చెయ్యడం. రోజూ చేస్తే ఆ పనీ బాగానే అలవాటవుతుంది.

ఇక కంటి సంగతి. ఆట వైద్యంగా ఎంతవరకు నిలబడుతుందో ఇక్కడ తేటగా తెలుస్తుంది. పసితనంలో రెండు కళ్ళకూ పవరులో తేడా ఉన్నా, మెల్లకన్ను ఉన్నా, మెదడు స్పష్టంగా కనిపించే కంటి మాటే వింటూ రెండో కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. డాక్టర్లు లేజీ ఐ అంటారు. తర్వాత అద్దాలు పెట్టినా ఆ కంటికి చాలాసార్లు పూర్తి చూపు రాదు, ఎందుకంటే లోపం కంటిలో కాదు, మెదడు పెట్టుకున్న అలవాటులో. పాత వైద్యం మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ కట్టడం. గతిలేక మెదడు రెండో కంటి మాట వింటుంది. పెద్దయ్యాక ఇది కుదరదనే అందరూ నమ్మేవారు.

2011లో బర్క్‌లీలోని రోజర్ లీ, డెనిస్ లెవీ బృందం పదిహేను నుంచి అరవై ఒక్క ఏళ్ళ దాకా ఉన్న ఇరవై మందిని తీసుకుంది. వాళ్ళలో ఎక్కువమంది మంచి కంటికి పట్టీ కట్టుకుని నలభై గంటలు వీడియో గేములు ఆడారు. కొందరు తుపాకుల ఆట, కొందరు ఊరు కట్టే ఆట. రెండు రకాలవాళ్ళకూ చూపు మెరుగైంది. అంటే తుపాకీ మహిమ ఏమీ లేదు. తెర మీద సన్నటి వాటిని వెతకడం, ఆపకుండా వెతకడం, అదీ పని.

తర్వాత మాంట్రియల్‌లో రాబర్ట్ హెస్ బృందం పట్టీనే తీసేసింది. పైనుంచి దిమ్మలు రాలే టెట్రిస్ ఆటను రెండు ముక్కలు చేశారు. రాలే దిమ్మలు ఒక కంటికే కనిపిస్తాయి, కింద పేరినవి రెండో కంటికే. మంచి కంటికి చూపేదాన్ని వెలవెలబోయేలా తగ్గించారు. రెండు కళ్ళూ కలిసి పనిచేస్తే తప్ప దిమ్మ సరైన చోట పడదు. 2013లో పెద్దవాళ్ళ మీద ఇది రెండు వారాల్లోనే బాగా పనిచేసింది. నేర్పదలచిన పనిని ఇంత సూటిగా ఆటలో ఇమిడ్చిన మచ్చు నాకు ఇంకోటి తెలియదు.

అంత చక్కటి ఆలోచన పిల్లల దగ్గర తడబడింది. అమెరికాలో 5 నుంచి 12 ఏళ్ళ పిల్లలు 385 మందిలో సగం మంది రోజుకు గంట ఎరుపు-పచ్చ అద్దాలు పెట్టుకుని ఐప్యాడ్‌లో ఈ ఆట ఆడాలి, సగం మంది రోజుకు రెండు గంటలు పట్టీ కట్టుకోవాలి. పదహారు వారాలయ్యాక చూస్తే పట్టీవాళ్ళకు కంటి పట్టికలో సగటున 1.35 వరుసలు, ఆటవాళ్ళకు 1.05 వరుసలు పెరిగింది. పట్టీకి ఆట సాటి అని తేలలేదు. చెప్పినంతలో ముప్పాతిక వంతు ఆడిన పిల్లలు నూటికి 22 మందే. మిగతావాళ్ళకు విసుగొచ్చి ఉండాలి. బయట రంగురంగుల ఆటలు నూరు ఉండగా దిమ్మలు పేర్చుకుంటూ నాలుగు నెలలు ఏ పిల్లవాడు కూర్చుంటాడు? ఆటలో సరైన పని ఉండాలన్నది సగం మాటే. ఆ పని మళ్ళీ మళ్ళీ చెయ్యాలనిపించాలి. మొదటిది వైద్యుడికి తెలుసు, రెండోది ఆటలు చేసేవాడికి తెలుసు, ఇద్దరూ ఒకే గదిలో కూర్చోవడం అరుదు. 2020లో ధ్యాస నిలవని పిల్లలకు అమెరికాలో డాక్టరు చీటీ మీద ఇచ్చే ఆటగా అనుమతి పొందిన ఎండెవర్ కథా ఇలాంటిదే. కంప్యూటర్ మీద పెట్టిన ధ్యాస పరీక్షలో మార్కులు పెరిగాయి, ఇంట్లో పిల్లవాడిని చూసే తల్లిదండ్రుల లెక్కల్లో మాత్రం పోల్చి చూసిన ఆటకూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

కాబట్టి మీ పిల్లవాడు టీవీకి దగ్గరగా జరుగుతున్నా, ఒక కన్ను మూస్తే గోల చేస్తున్నా ఫోనులో ఆట వెతక్కండి. బందరు రోడ్డు మీద తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ ఉంది, ఊళ్ళో కంటి డాక్టరున్నా చాలు. వయసు ఎంత చిన్నదైతే ఫలితం అంత మెరుగు.

ఇక వికలాంగుల సంగతి, చదరంగంతో మొదలుపెడదాం. గుడివాడలో 1987లో పుట్టిన కోనేరు హంపి పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరై చదరంగాన్ని కృష్ణా జిల్లా ఇళ్ళల్లోకి తెచ్చింది. 2019లో, మళ్ళీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. వికలాంగులకు ఆట అందించడం గురించి చెప్పాలంటే చదరంగం కన్నా మంచి చోటు లేదు. చూపు లేనివాళ్ళ పలకలో నల్ల గళ్ళు కొంచెం ఎత్తుగా ఉంటాయి, ప్రతి గడిలో చిల్లు, పావుకు అడుగున మేకు. వేళ్ళతో తడిమినా పావు కదలదు. ఎదుటివాడు తన పలక మీద తాను ఆడుతూ ఎత్తును పైకి చెబుతాడు. లీచెస్ అనే ఉచిత వెబ్‌సైటులో చూపులేనివాళ్ళ కోసం ప్రత్యేక పద్ధతి ఉంది. ఎత్తును టైపు చేస్తే చాలు, అవతలివాడి ఎత్తును స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. అవతల కూర్చున్నవాడికి తన ప్రత్యర్థికి చూపు లేదన్న సంగతి తెలియనే తెలియదు. ఇద్దరిదీ ఒకటే ఆట, ఒకటే రేటింగు.

ఇది సాధ్యమైంది చదరంగంలో అసలు పని చూడటం కాదు గనక. చూపును తీసేసినా ఆట అలాగే నిలిచింది. అన్ని వీడియో గేముల్లోనూ ఇదే లెక్క వేసి చూడొచ్చు. వేగంగా బటన్ నొక్కడం ఈ ఆటకు ప్రాణమా, లేక వేరే దారి లేక పెట్టిందా? 2020లో వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగం తయారుచేసినవాళ్ళు ఈ ప్రశ్న వేసుకుని అరవైకి పైగా మార్పులకు వీలు కల్పించారు. చుట్టూ ఉన్నవి శబ్దాలతో తెలుస్తాయి, గురి దానంతటదే కుదురుతుంది, చూపు లేనివాళ్ళు కూడా చివరి దాకా ఆడారు. అంతకు రెండేళ్ళ ముందు మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌కు అరచేయంత బటన్లు రెండు, వెనక వైపు పంతొమ్మిది రంధ్రాలు. కాలితో నొక్కే స్విచ్చి, గడ్డంతో తోసే పుల్ల, ఎవరికి ఏ అవయవం ఆడితే దానికి తగ్గది తగిలించుకోవచ్చు. ధర వంద డాలర్లు పెట్టారు. స్విచ్చిలు వేరే కొనాలి, మన ఇళ్ళకు అది చిన్న ఖర్చు కాదు. చదరంగానికి ఆ ఖర్చు లేదు. ఫోను తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సదుపాయం తెలుగులోనూ వచ్చేసింది.

బందరు పక్కనున్న మంగినపూడి తీరానికి ఆటలు నేర్పగలిగేది వేరే ఉంది. 2004 డిసెంబరు 26 ఆదివారం, పౌర్ణమి. సుమత్రా దగ్గర భూమి కంపించింది మన గడియారంలో ఉదయం ఆరున్నరకు. అలలు మన తీరాన్ని తాకింది సుమారు రెండున్నర గంటల తర్వాత. పౌర్ణమి స్నానాలకు సముద్రంలో దిగినవాళ్ళు మంగినపూడిలో కొట్టుకుపోయారు. రాష్ట్రం మొత్తం మీద నూరు మందికి పైగా పోయారు. రెండున్నర గంటలంటే బందరు నుంచి వచ్చి అందర్నీ ఒడ్డుకు పిలిచి మళ్ళీ వెళ్ళిపోయేంత వ్యవధి. కబురు చెప్పే ఏర్పాటు అప్పట్లో లేదు. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబరులో మొదలైంది. అదే ఆదివారం థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ తీరంలో టిల్లీ స్మిత్ అనే పదేళ్ళ ఇంగ్లిషు పిల్ల సముద్రం నురగలు కక్కడం చూసి, రెండు వారాల క్రితం భూగోళం క్లాసులో విన్న సునామీ పాఠం గుర్తొచ్చి గోల చేసింది. ఆ బీచి ఖాళీ అయింది.

విపత్తుల గురించి పిల్లలకు నేర్పడానికే 2007లో ఐక్యరాజ్యసమితి విపత్తుల విభాగం స్టాప్ డిజాస్టర్స్ అనే ఆట విడుదల చేసింది. అందులో ఒక ఘట్టం ఆగ్నేయాసియా తీరంలో సునామీ. తెర మీద గళ్ళుగళ్ళుగా సముద్రం, ఇసుక, చెట్లు, గుడిసెలు. చేతిలో ఇంత డబ్బు, ఇంత సమయం. ఫలానా అంతమందికి ఇళ్ళు కట్టాలి, బడి కట్టాలి, ఆసుపత్రి కట్టాలి. ఒడ్డున కడితే తొందరగా అవుతుంది. గట్టి ఇంటికి డబ్బెక్కువ. చెట్లు నాటితే ఆ డబ్బుతో ఇల్లు రాదు. హెచ్చరిక ఏర్పాటుకు పెడితే బడికి చాలదు. సమయం అయిపోగానే అల వస్తుంది, ఎంతమంది పోయారో, ఏవి కూలాయో లెక్క చెబుతుంది. ప్రాణం నిలిచేది అల వచ్చిన గంటలో కాదు, అంతకు ముందు డబ్బు ఎక్కడ పెట్టారన్న దానిలో అని ఆటలో చేతులే నేర్పుతాయి. మడ అడవుల గురించి పాఠంలో పది వాక్యాలు బట్టీ పట్టినవాడి కన్నా ఇక్కడ ఒకసారి వాటిని నరికి ఓడిపోయినవాడికి ఎక్కువ గుర్తుంటుంది.

దివిసీమకు ఇది ఊహ కాదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరులో సుమారు ముప్పై వేల మందిని తీసుకుపోయింది. 1977 నవంబరు 19న సొర్లగొంది, హంసలదీవి వైపు వచ్చిన ఉప్పెనకు పోయినవాళ్ళు పది వేలని ప్రభుత్వం, అంతకు ఎక్కువని దివిసీమ అంటాయి. 1990 మేలో కృష్ణా నది ముఖద్వారం దగ్గరే ఇంకో పెను తుపాను తీరం దాటింది. ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు, ప్రాణనష్టం వెయ్యి లోపు. నడుమ పదమూడేళ్ళలో షెల్టర్లు లేచాయి, హెచ్చరిక ఊళ్ళకు చేరింది, సరుగుడు తోటలు పెరిగాయి. డబ్బు ముందే పెట్టారు.

ఐరాస ఆటలో లేనిది మనుషుల తగువు. అందులో ఊరంతా ఆడేవాడి మాట వింటుంది. జపాన్‌లో కత్సుయా యమోరి, ఆయన మిత్రులు 1995 కోబే భూకంపంలో పనిచేసిన నగర ఉద్యోగులతో మాట్లాడి క్రాస్‌రోడ్ అనే చీట్ల ఆట తయారుచేశారు. కంప్యూటర్ అక్కర్లేదు. ఒక చీటీలో ఇలా ఉంటుంది: నువ్వు ఆహారం పంచే అధికారివి, శిబిరంలో మూడు వేల మంది ఉన్నారు, రెండు వేల పొట్లాలే వచ్చాయి, పంచుతావా పంచవా? అందరూ అవును, కాదు చీట్లలో ఒకటి ఒకేసారి వేస్తారు, తర్వాత కారణాలు చెప్పుకుంటారు. ఇదీ ఆటే, ఇందులో ఉన్న పని నిర్ణయం తీసుకుని దానికి జవాబు చెప్పుకోవడం.

నాగాయలంక, కోడూరు, గిలకలదిండి కోసం ఇలాంటిది ఫోనులో చేస్తే, చదువు రానివాళ్ళకూ చూపు లేనివాళ్ళకూ కూడా వినబడేలా చేస్తే, చీటీలు రాయడానికి మనుషులు ఊళ్ళల్లోనే ఉన్నారు. 1977 చూసినవాళ్ళు ఇంకా చెప్పగలరు. షెల్టరు తాళం సర్పంచి దగ్గర ఉంది, ఆయన అవనిగడ్డ వెళ్ళాడు, తాళం పగలగొడతావా? పాలిచ్చే గేదె కట్టుగొయ్యకు ఉంది, వ్యాను బయల్దేరుతోంది, తిరిగి వెళ్ళి పలుపు విప్పుతావా? పోయిన రెండుసార్లూ తుపాను అన్నారు, చినుకు కూడా పడలేదు, ఈసారి బోటు ఒడ్డుకు లాగుతావా? కొత్త కోడలు షెల్టరులో మగవాళ్ళ మధ్య ఉండలేనంటోంది, ఇంట్లో ఉంచుతావా?

క్రాస్‌రోడ్‌లో ఎక్కువమంది ఎటు ఉంటే వాళ్ళకు తలా ఒక నీలం గుర్తు. అందరూ ఒక వైపు ఉండి, ఒక్కరే ఎదురు వేస్తే ఆ ఒక్కరికి బంగారు గుర్తు. మిగతావాళ్ళకు ఏమీ రాదు, కానీ ఆ ఒక్కరి కారణం కూర్చుని వినాలి.